చాక్లెట్లు అమ్మిన ఇమామ్ సాబ్

దక్షిణాఫ్రికాలో తెల్లవాళ్ల పాలన ఉన్న రోజుల్లో మనిషి ఎక్కడ పుట్టాలో, ఎక్కడ ఉండాలో, రైల్లో ఏ పెట్టె ఎక్కాలో, పార్కులో ఏ బెంచీ మీద కూర్చోవాలో చర్మం రంగే చెప్పేది. 1948లో నేషనల్ పార్టీ గెలిచాక ఇదంతా చట్టమైపోయింది. పోస్టాఫీసులో స్టాంపు కొనాలన్నా వేర్వేరు క్యూలే. తెల్లవాళ్లలో చాలామందికి ఇందులో తప్పేమీ కనిపించలేదు. పుట్టినప్పటి నుంచీ మంచి క్యూ వాళ్లదే కదా!

ఈ దేశంలోనే, కేప్‌టౌన్‌లో 1924లో పుట్టారు ఇమామ్ అబ్దుల్లా హారూన్. పసితనంలోనే తల్లి పోతే మేనత్త పెంచింది. దీనీ చదువు కోసం మక్కా వెళ్లొచ్చారు. 1955లో క్లేర్‌మాంట్‌లోని అల్ జామియా మసీదుకు ఇమామ్ అయ్యారు. 1960లో మొదలైన ముస్లిం న్యూస్ పత్రికకు సంపాదకులుగా కూడా పనిచేశారు.

అక్కడి ముస్లింల సంగతి కాస్త చెప్పుకోవాలి. వాళ్ల పూర్వీకుల్లో చాలామంది డచ్చివాళ్లు ఇండోనేషియా దీవుల నుంచి, బంగాళం, కోరమాండల్ తీరాల నుంచి బానిసలుగా పట్టుకెళ్లినవాళ్లే. ప్రభుత్వం వీళ్లకు మధ్య మెట్టు ఇచ్చింది. తెల్లవాళ్ల కంటే కింద, నల్లవాళ్ల కంటే కొంచెం పైన. నల్లవాళ్లలా ఎప్పుడూ జేబులో పాస్‌బుక్ పెట్టుకు తిరగాల్సిన పనిలేదు. మసీదుల్లో నమాజ్‌కు అడ్డం లేదు. మన దీన్ మనకుంది, రాజకీయాలెందుకు అని పెద్దలు చాలామంది ఊరుకున్నారు. అసలు చిక్కంతా ఆ మధ్య మెట్టు మీదే ఉందనిపిస్తుంది నాకు.

ఇమామ్ సాబ్ ఊరుకోలేదు. ఆయన ఇల్లు గడవడానికి ఒక చాక్లెట్ కంపెనీలో సేల్స్‌మన్‌గా చేసేవారు. నేను చదివింది బీకాం కాబట్టి ఈ ముక్క దగ్గర ఆగిపోయాను. నల్లవాళ్ల బస్తీల్లోకి బయటివాళ్లు పర్మిట్ లేకుండా పోకూడదు. సరుకు అమ్మేవాడికి మాత్రం దారి దొరికేది. లంగా, న్యాంగా, గుగులెతు బస్తీలు ఆయన సేల్స్ రూట్ అయ్యాయి. కారులో చాక్లెట్లతో పాటు జైల్లో ఉన్నవాళ్ల కుటుంబాలకు డబ్బు, సాయం కూడా వెళ్లేవి. అక్కడి క్రైస్తవులు కూడా ఆయన్ను తమ పాస్టర్లను పిలిచినట్టే పిలిచేవారు.

క్లేర్‌మాంట్‌ను తెల్లవాళ్ల ప్రాంతంగా ప్రకటించడంతో ఆయన కుటుంబమూ ఇల్లు వదిలి ఆథ్‌లోన్ వైపు వెళ్లాల్సి వచ్చింది. మసీదు అక్కడే ఉండిపోయింది, జమాత్ చెల్లాచెదురైంది.

1968లో మక్కా, కైరో, లండన్ వెళ్లారు. తిరిగి రావద్దని శ్రేయోభిలాషులు చెప్పారు. వచ్చేశారు. 1969 మే 28న, మీలాదున్నబీ రోజున, పోలీసులు తీసుకెళ్లారు. కేసు లేదు, కోర్టు లేదు, ఇంట్లోవాళ్లను కలవనివ్వలేదు. 123 రోజుల తర్వాత, సెప్టెంబర్ 27న, శవాన్ని ఇచ్చారు. మెట్ల మీద జారిపడ్డాడని పోలీసుల మాట. ఒంటి మీద 20కి పైగా కమిలిన గాయాలు, ఒక పక్కటెముక విరిగి ఉంది. వయసు 45. ఆయన లోపల ఉన్నన్నాళ్లూ గట్టిగా అడిగిన ఉలమాలు తక్కువే. ఇది చేదు మాటే, అయినా చెప్పుకోవాలి.

సెప్టెంబర్ 29న జనాజా వెంట వేలాది మంది మోబ్రే కబ్రస్తాన్ దాకా మైళ్ల కొద్దీ నడిచారు. ముస్లింలే కాదు, అన్ని మతాలవాళ్లూ ఉన్నారు. ఆ రాత్రే కేప్ ప్రాంతంలో పెద్ద భూకంపం వచ్చింది. అక్కడి ముసలివాళ్లు ఆ రెండింటినీ ఇప్పటికీ కలిపే చెప్పుకుంటారు.

అప్పటి విచారణ పోలీసుల మెట్ల కథకే వంత పాడింది. భార్య గలీమా, ముగ్గురు పిల్లలు మాత్రం అడుగుతూనే ఉన్నారు. 2023 అక్టోబర్‌లో కేప్‌టౌన్ హైకోర్టు ఆ పాత తీర్పును కొట్టేసింది. ఆయన పోలీసుల చిత్రహింసల వల్లే చనిపోయారని తేల్చింది. గలీమా బేగం అది వినలేకపోయారు. 2019 సెప్టెంబర్ 29న, ఆయన దఫన్ జరిగి సరిగ్గా 50 ఏళ్లు నిండిన రోజున, ఆమె కన్నుమూశారు.