ఆర్కిమెడీసు సమాధి

ఉగాది సంచికకు ఒక మహాపురుషుని చరిత్ర వ్రాయుమని సంఘమువారు కోరిరి. మేము రైల్వే గుమాస్తాలము, మెట్రిక్యులేషను వరకే చదివినవారము. అయినను బడిలో మాకు ప్రీతి గొల్పిన రేఖాగణితమును తలచుకొని ఆర్కిమెడీసును ఎన్నుకొంటిమి.

ఆయన క్రీ. పూ. 287 ప్రాంతమున సిసిలీ ద్వీపమందలి సిరక్యూసు నగరమున జన్మించెను. తండ్రి ఫిడియాసు ఖగోళ శాస్త్రజ్ఞుడు. ఆ నగరము మనవంటి వలసవచ్చినవారిదే. గ్రీసు దేశపు కొరింతు నుండి వచ్చినవారు క్రీ. పూ. 8వ శతాబ్దమున దానిని నెలకొల్పిరి. వందల ఏండ్లు గడచినను వారు తమ డోరిక్కు పలుకుబడిని విడువలేదు. ఆర్కిమెడీసు ఆ ఇంటిభాషలోనే గ్రంథములు వ్రాసెను.

వంకరగీతకును తిన్ననిగీతకును గల చుట్టరికమును ఆయన జీవితాంతము వెదకెను. వృత్తపు చుట్టుకొలతను భూమిగాను, వ్యాసార్ధమును ఎత్తుగాను గైకొని లంబకోణ త్రిభుజము గీచినచో, దాని వైశాల్యము ఆ వృత్తమునకు సరిపోవునని నిరూపించెను. వృత్తమునకు లోపలను వెలుపలను 96 భుజముల ఆకృతులను అమర్చి, చుట్టుకొలత వ్యాసమునకు 3 10/71 రెట్లకు ఎక్కువయనియు, 3 1/7 రెట్లకు తక్కువయనియు తేల్చెను.

అన్నిటికంటె ఆయనకు ప్రియమైనది గోళమునకును స్థూపమునకును గల సంబంధము. గుండ్రని డబ్బాలో అడుగును, చుట్టుగోడను, మూతను తాకునట్లు ఒక ఇనుపగుండు సరిగా పట్టినదనుకొందము. డబ్బా నిండ నీరుపోసి ఆ గుండును ముంచినచో, మూడు పాళ్ళలో రెండు పాళ్ళ నీరు పొర్లిపోవును. అడుగును మూతను కలుపుకొన్న డబ్బా ఉపరితలమునకు గుండు ఉపరితలము కూడ మూడింట రెండు పాళ్ళే. తన సమాధిపై ఈ రెండు ఆకృతులనే నిలుపుమని ఆయన తనవారిని కోరెను.

క్రీ. పూ. 212లో రోమనులు నగరమును పట్టుకొన్నప్పుడు ఒక సైనికుని చేత ఆయన హతుడయ్యెను. కోరిన గుర్తులు మాత్రము సమాధిపై వెలసినవి.

137 ఏండ్లు గడచినవి. క్రీ. పూ. 75లో సిసిలీకి ఉద్యోగియై వచ్చిన రోమనుడు సిసెరో ఆ సమాధి ఎక్కడని అడుగగా, అట్టిది లేనేలేదని ఊరివారే చెప్పిరి. ఆయన వెదకి, ముండ్లపొదల నడుమ చిన్న స్తంభముపై గోళమును స్థూపమును చూచి గుర్తించి, పొదలు నరికించెను.

ఈ సంగతి చదివిన నాటినుండి మాకు దిగులుగా నున్నది. మా పెద్దవాడు ఇంట తెలుగు చక్కగా మాటలాడును. తాతగారి పేరు తెలుగున వ్రాయుమన్నచో వ్రాయలేడు. తప్పు వానిది కాదు, మాది. ఈ పండుగనాడు ఈ పుటనే వానిచేత కూడబలుకుకొని చదివింపదలచితిమి. మనవారు మరచినదానిని వెదకిపెట్టుటకు ప్రతి ఊరికిని ఒక సిసెరో రాడు గదా!