దోషిషా స్థాపకుడు జోసఫ్ నీషిమా

జపాను దేశపు పాత రాజధానియైన క్యోటో నగరములో, చక్రవర్తుల నగరునకు ఉత్తరపు ప్రక్కను, దోషిషా అను విశ్వవిద్యాలయము కలదు. అది సర్కారువారు కట్టించినది కాదు. దోషిషా అనగా ఒకే ఉద్దేశము గలవారి సంఘమని అర్థము. నేడు 25,000 మందికి పైగా విద్యార్థులు అక్కడ చదువుకొనుచున్నారు. దానికి పునాది వేసినవాడు మరణశిక్షకు తెగించి స్వదేశము విడిచి పారిపోయిన ఒక యువకుడు. ఆ పునాదిలో పడిన మొదటి సొమ్ములో ఒక ముసలి రైతు తన రైలుచార్జీకని ఉంచుకొనిన డబ్బు కూడ ఉన్నది. పల్లెలనుండి పిల్లలను దూరపు బోర్డింగు పాఠశాలలకు పంపి చదివించుకొను మనము ఈ చరిత్ర తెలిసికొనదగినది.

జోసఫ్ నీషిమా 1843వ సంవత్సరము ఫిబ్రవరి 12వ తేదీన, ఇప్పుడు టోక్యో అని పిలువబడు యెదో నగరములో జన్మించెను. తండ్రి అన్నాకా అను చిన్న సంస్థానపు ప్రభువు కొలువులో వ్రాయసకాడు. వారిది రెండు కత్తులు ధరించు యోధుల కులము. నలుగురు ఆడపిల్లల తరువాత పుట్టిన మగబిడ్డ గనుక తాతగారి సంతోషమునకు మేర లేకపోయెను. ఇంటిలో కొయ్యదేవుళ్లు ఉండెడివారు. తలిదండ్రులు వాటి యెదుట అన్నపానములు పెట్టి మ్రొక్కుచుండిరి. పెట్టినది పెట్టినట్లే ఉండుటయు, ఆ దేవుళ్లు ముట్టకుండుటయు చూచి చూచి, పదునైదేండ్ల ప్రాయమున ఈ బాలుడు వాటికి మ్రొక్కుట మానివేసెను.

ఆ దినములలో జపాను ప్రజలు అనుమతి లేకుండ దేశము విడిచి పోరాదు. పోయినవారికి మరణశిక్ష. క్రైస్తవ మతము అసలే నిషిద్ధము. అట్టి కాలములో నీషిమా చేతికి చీనా భాషలోని రెండు పుస్తకములు వచ్చెను. ఒకటి అమెరికా దేశమునుగూర్చి ఒక మిషనరీ వ్రాసిన భూగోళ గ్రంథము. రెండవది బైబిలు సంగతులు క్లుప్తముగా చెప్పు చిన్న పుస్తకము. భూమ్యాకాశములను దేవుడు సృజించెనని దానిలో చదివి అతడు చాల ఆలోచించెను. తన తలిదండ్రులు తన్ను కనిరి గాని, తన్ను చేసినవాడు దేవుడే. అట్లయిన తాను తన ప్రభువునకు కంటె ఆ దేవునికే ఎక్కువ ఋణస్థుడు గదా అని తలంచెను. ఈ ఒక్క తలంపు అతనిని సముద్రము దాటించెను.

1864వ సంవత్సరమున అతడు ఉత్తరపు రేవైన హకొదాతే చేరి, ఒక రాత్రి చిన్న పడవలో పోయి, బెర్లిన్ అను అమెరికా ఓడలో దాగెను. కత్తి పట్టిన చేతులతో పళ్లెములు కడిగెను, బట్టలు ఉతికెను. ఒకనాడు తనకు ఇంగ్లీషు నేర్పుచున్న ఒక ప్రయాణికుడు, చెప్పినది తెలిసికొనలేదని అతనిని కొట్టెను. యోధుల బిడ్డ గనుక కోపముతో కత్తికొరకు పరుగెత్తెను. ఇంత స్వల్ప విషయమును సహింపలేనివాడు రాబోవు పెద్ద శ్రమలను ఎట్లు సహించునని తన్ను తానే అడుగుకొని వెనుకకు తగ్గెను. ఈ దెబ్బను చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. షాంగైలో వైల్డ్ రోవర్ అను మరియొక ఓడ ఎక్కెను. ఆ ఓడ కెప్టెను టేలరు ఇతని పేరు పలుకలేక జో అని పిలిచెను. హాంగ్‌కాంగ్ రేవులో తన చిన్న కత్తిని ఆ కెప్టెనుకే 8 డాలర్లకు అమ్మి, చీనా భాషలోని క్రొత్త నిబంధనను కొనెను. కత్తి పోయి వాక్యము చేతికి వచ్చిన ఆ బేరము చాల మంచి బేరమని నా అభిప్రాయము.

1865వ సంవత్సరము జూలై నెలలో ఓడ బోస్టను చేరెను. ఓడ యజమాని ఆల్ఫియస్ హార్డీ అను వర్తకుడు. ఈయన యౌవనములో పాదిరి కావలెనని కోరి, ఆరోగ్యము చెడినందున కాలేకపోయి, తన వ్యాపారమునే దేవుని సేవగా చేసికొనినవాడు. హార్డీగారును ఆయన భార్యయు ఈ పరదేశి కుర్రవానిని కుమారునివలె చేర్చుకొని, జోసఫ్ అని పేరు పెట్టి, ఖర్చంతయు భరించి చదివించిరి. 1866వ సంవత్సరము డిసెంబరులో అతడు బాప్తిస్మము పొందెను. పిమ్మట ఆమ్‌హర్స్ట్ కాలేజీలో చేరి 1870వ సంవత్సరమున పట్టము పొందెను. పాశ్చాత్య దేశపు కాలేజీలో పట్టము పొందిన జపానీయులలో ఇతడే మొదటివాడు.

ఆ కాలేజీ చదువును గూర్చి ఒక మాట చెప్పవలెను. అక్కడ ఏదో యొక్క ఉద్యోగమునకు తర్ఫీదు చేయరు. గణితము, రసాయనము, భూగర్భశాస్త్రము, చరిత్ర, తత్త్వము, భాషలు, ఇవన్నియు నేర్పి మనుష్యుని బుద్ధిని స్వతంత్రముగా ఆలోచించునట్లు తీర్చుదురు. అట్టి చదువును దేవభక్తితో కలిపి నేర్పుట నీషిమా అక్కడ కన్నులార చూచెను. తన దేశమునకు కావలసినది ఇదేయని నిశ్చయించుకొనెను.

1872వ సంవత్సరమున జపాను ప్రభుత్వపు పెద్దలు అమెరికాకు రాయబారమునకు వచ్చిరి. పాఠశాలలను పరిశీలించుటకు నియమింపబడిన తనాకా అను అధికారికి నీషిమా దుబాసీగా తోడ్పడి, ఆయనతో ఐరోపా దేశములు తిరిగి విద్యాపద్ధతులను పరిశోధించెను. దొంగతనముగా పారిపోయినవాడు ఇప్పుడు ప్రభుత్వమునకే కావలసినవాడాయెను. కోరినచో గొప్ప ఉద్యోగము దొరకియుండును. అతడు కోరలేదు, తిరిగి వేదపాఠశాలకు పోయి 1874వ సంవత్సరమున చదువు ముగించి పాదిరి అభిషేకము పొందెను.

ఆ సంవత్సరము అక్టోబరు 9వ తేదీన వెర్మాంటు రాష్ట్రములోని రట్లాండు పట్టణమందు అమెరికన్ బోర్డు మిషనువారి సాంవత్సరిక సభ జరిగెను. తిరిగి వెళ్లుచున్న నీషిమాకు కొంచెము మాటలాడుటకు సెలవిచ్చిరి. జపానులో ఒక క్రైస్తవ కాలేజీ కొరకు అడుగుదునని అతడు ముందుగా చెప్పినప్పుడు హార్డీగారే సందేహించిరి. వేదిక ఎక్కగానే సిద్ధపరచుకొనిన ప్రసంగము మరచిపోయెను. మోకాళ్లు వణికెను. కన్నీటితో తన ప్రజల స్థితి చెప్పి, సొమ్ము దొరకువరకు కూర్చుండనని నిలువబడెను. ఒకరు 1,000 డాలర్లు ఇత్తుమని లేచిరి. తరువాత మరికొందరు లేచిరి. కొద్ది నిమిషములలో సుమారు 5,000 డాలర్లు వాగ్దానము చేయబడెను.

సభ అయిన పిమ్మట ఒక వృద్ధుడైన రైతు వణకుచు నీషిమా దగ్గరకు వచ్చెను. అతని దగ్గర ఉన్నది రెండు డాలర్లే. అది ఇల్లు చేరుటకు ఉంచుకొనిన రైలుచార్జీ. దానిని నీషిమా చేతిలో పెట్టి, తన కాళ్లలో ఇంకను బలమున్నది గనుక నడిచి పోవుదునని చెప్పెను. పేద విధవరాలొకతె కూడ రెండు డాలర్లు తెచ్చి ఇచ్చెను. కానుకపెట్టెలో రెండు కాసులు వేసిన విధవరాలిని ఎరిగిన మనకు ఇది క్రొత్త సంగతి కాదు. నీషిమా తరువాత మంత్రులయొద్దను ధనికులయొద్దను వేలకొలది యెన్‌లు సంపాదించెను గాని, ఈ రెండు డాలర్లను మాత్రము మరువలేదు.

స్వదేశము చేరిన తరువాత మొదట ఒసాకాలో పాఠశాల పెట్టజూచెను. క్రైస్తవ పాఠశాలకు అక్కడి గవర్నరు ఒప్పుకొనలేదు. క్యోటో వెయ్యి సంవత్సరములకు పైగా చక్రవర్తుల నివాసము, బౌద్ధమఠములకు ఆటపట్టు. అట్టి చోట ద్వారము తెరచినవాడు యమమొతో కకుమా అను గ్రుడ్డివాడు. కాళ్లు కూడ చచ్చుబడినవి. అయినను ఆ జిల్లా ప్రభుత్వమునకు సలహాదారు. క్రైస్తవ మతమును గూర్చి ఒక పుస్తకము చదివించుకొని విని, చూపు లేకయే వెలుగు కనుగొనెను. షొకోకుజి అను గొప్ప మఠము దగ్గర తనకున్న సుమారు 5 ఎకరముల నేల పాఠశాలకు అమ్మెను. మఠములవారు గొప్ప అలజడి చేసిరి.

1875వ సంవత్సరము నవంబరు 29వ తేదీన ఒక అద్దె ఇంటిలో దోషిషా ఇంగ్లీషు పాఠశాల తెరువబడెను. విద్యార్థులు 8 మంది. ఉపాధ్యాయులు ఇద్దరు, నీషిమాయును జెరోమ్ డేవిస్ అను మిషనరీయును. పాఠశాల గదులలో బైబిలు బోధింపరాదని అధికారులు మాట తీసికొనిరి. నీషిమా ఒప్పుకొని, బైబిలు తరగతిని ప్రక్క ఇంటిలో జరిపెను. ఇట్లు ఒప్పుకొనుట కొందరికి నచ్చలేదు. కాని ద్వారము మూయించుకొనుటకంటె ప్రక్కవాకిటినుండి లోపలికి పోవుట మేలుగదా! యమమొతో చెల్లెలు యాయేతో ఆయనకు నిశ్చితార్థము కాగా, క్రైస్తవుని పెండ్లాడుచున్నదను కారణమున ఆమె ఉద్యోగము పోయెను. 1876వ సంవత్సరము జనవరి 3వ తేదీన వారి వివాహము జరిగెను. ఈమె 1868వ సంవత్సరపు యుద్ధములో ఐజు కోటలోనుండి తుపాకి పట్టి పోరాడిన ధైర్యశాలి.

1876వ సంవత్సరమున కుమమొతో పట్టణమునుండి క్రైస్తవులైన యువకులు గుంపుగా వచ్చి చేరిరి. బాగుగా చదివినవారు గనుక, దోషిషా పాఠములు తక్కువవని పెదవి విరిచిరి. నీషిమా వారిని వెళ్లగొట్టలేదు, వారి మాట విని పాఠ్యక్రమమును పెంచెను. 1879వ సంవత్సరమున మొదటి తరగతిగా ఉత్తీర్ణులైన 15 మంది వారే. మిషనువారిలో కొందరు ప్రచారకులను తయారుచేయు పాఠశాల చాలునని తలంచిరి. నీషిమా అట్లు తలంపలేదు. ప్రచారకులు కావలెను గాని, మనస్సాక్షిగల న్యాయవాదులు, వైద్యులు, పత్రికలవారు, వర్తకులు కూడ దేశమునకు కావలెనని వాదించెను. భౌతికశాస్త్రము, ఖగోళము, చరిత్ర, చీనా ప్రాచీన గ్రంథములు అక్కడ చెప్పబడుచుండెను. డ్వైట్ లర్నెడ్ అను మిషనరీ అర్థశాస్త్రము మొదలైనవి బోధించుచు 50 సంవత్సరములకు పైగా ఆ పాఠశాలను విడువలేదు. 1877వ సంవత్సరమున బాలికల పాఠశాల, 1887వ సంవత్సరమున ఆసుపత్రియు నర్సుల పాఠశాలయు ఏర్పడెను.

1880వ సంవత్సరము ఏప్రిల్ నెలలో ఒక సంగతి జరిగెను. నీషిమా ఊరిలో లేనప్పుడు ఉపాధ్యాయులు రెండు తరగతులను కలిపివేసిరి. విద్యార్థులు అలిగి పాఠములకు రాలేదు. సెలవు లేక మానినవారిని శిక్షింపవలెనని నిబంధన. పిల్లలను శిక్షించినచో తప్పు ఉపాధ్యాయులదిగదా అందురు. విడిచినచో నిబంధన గాలికి పోవును. ఆ నెల 13వ తేదీ ఉదయము ప్రార్థన సమయమున ఆయన కర్ర పట్టుకొని లేచెను. ఇది విద్యార్థుల తప్పు కాదు, ఉపాధ్యాయుల తప్పును కాదు, అంతయు పెద్దనైన నాదేయని చెప్పి, తన యెడమచేతిని ఆ కర్రతో బలముగా కొట్టుకొనసాగెను. కర్ర విరిగెను. ఆగలేదు. ఒక విద్యార్థి ఏడ్చుచు పరుగెత్తి ఆయన చేయి పట్టుకొనువరకు కొట్టుకొనుచునే ఉండెను. ఓడలో ఒక్క దెబ్బకు కత్తికొరకు పరుగెత్తినవాడు ఈయనే. ఆ కర్ర ముక్కలు దోషిషాలో నేటికిని భద్రముగా నున్నవి. అంతమాత్రమున అందరును శాంతింపలేదు. తొకుతోమి అను చురుకైన విద్యార్థి పట్టము పొందకయే వెళ్లిపోయెను. కాని అతడే పిమ్మట గొప్ప పత్రికాధిపతియై గురువునకు కుడిచేయి ఆయెను.

పాఠశాలను విశ్వవిద్యాలయముగా చేయవలెనను ఆశ ఆయనను నిలువనీయలేదు. 1884వ సంవత్సరమున ఆల్ప్సు కొండలలో ప్రయాణించుచుండగా గుండె నొప్పి వచ్చి, చనిపోవుదునని తలంచి మరణశాసనము వ్రాసెను. బ్రతికెను. 1888వ సంవత్సరము ఏప్రిల్‌లో క్యోటో పురప్రముఖులను చియోన్-ఇన్ అను బౌద్ధాలయములోనే సమావేశపరచి విశ్వవిద్యాలయమునకు సహాయమడిగెను. మునుపు మఠములవారు వెళ్లగొట్టజూచిన మనుష్యుడు మఠములోనే సభ చేసెను! జూలైలో టోక్యోలో మంత్రియైన ఒకుమా ఇంట సుమారు 30,000 యెన్‌లు వాగ్దానమాయెను. నవంబరులో తన ఉద్దేశమును పత్రికలలో ప్రకటించెను. మరుసటి సంవత్సరము అమెరికాలోని హారిస్ అను ధర్మాత్ముడు శాస్త్రపాఠశాల కొరకు 100,000 డాలర్లు ఇచ్చెను. ఏ క్షణమందైన ప్రాణము పోవచ్చునని వైద్యులు అప్పటికే యాయేతో చెప్పియుండిరి. అయినను చలికాలములో చందాలకు తిరుగుచు మాయెబాషిలో జబ్బుపడి, సముద్రతీరమందలి ఒయిసోకు తీసికొనిపోబడెను.

అక్కడ తొకుతోమి చేత తన కడవరి మాటలు వ్రాయించెను. విద్యార్థులను మర్యాదతో చూడవలెననియు, కట్టుబడని స్వభావముగల పిల్లలను అణగద్రొక్కక వారి తత్త్వమును బట్టి పెంచవలెననియు వానిలో కలదు. 1890వ సంవత్సరము జనవరి 23వ తేదీన ప్రభువునందు నిద్రించెను. వయస్సు 46 సంవత్సరములు. తండ్రి సమాధి ప్రక్కను పాతిపెట్టుటకు మఠమువారు ఒప్పుకొననందున, విద్యార్థులు వంతులవారీగా పెట్టెను మోసికొని న్యకువోజి కొండమీదికి తీసికొనిపోయిరి.

ఆయన తరువాత దోషిషాకు చెడ్డదినములు వచ్చెను. ధర్మకర్తలు మిషనువారితో తగవుపడి, 1898వ సంవత్సరమున స్థాపక నిబంధనలలోని క్రైస్తవ షరతును తీసివేసి, గొప్ప గలభా అయిన పిమ్మట మరుసటి యేట దానిని మరల చేర్చిరి. 1912వ సంవత్సరమున దోషిషా విశ్వవిద్యాలయమను పేరు వచ్చెను. 1920వ సంవత్సరమున ప్రభుత్వ చట్టము ప్రకారము పూర్తి విశ్వవిద్యాలయ హోదా కలిగెను. అది చూచుటకు యాయే బ్రతికియుండెను. ఆమె 1932వ సంవత్సరమున చనిపోగా ఆ కొండమీదనే భర్త ప్రక్కను ఉంచిరి.