ఆంధ్రా బ్యాంకు వ్యవస్థాపకులు - డాక్టరు పట్టాభి సీతారామయ్యగారు

ధనముతో వ్యవహరించి పేరు గడించినవారు మన దేశమున పలువురు కలరు. వారిలో తమకై ధనము కూర్చుకొనినవారు కొందఱు. పరుల ధనమును భద్రపఱచి, దానిని పదిమంది అవసరములకు వినియోగించి, తిరిగి వడ్డీతో ఒప్పగించినవారు మఱికొందఱు. ఈ రెండవ కోవకు చెందిన తెలుగువారిలో డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు అగ్రగణ్యులు. విద్యార్థులు వారిని కాంగ్రెసు నాయకులుగను, చరిత్రకారులుగను ఎఱుగుదురు. కాని వైద్యశాస్త్రము నభ్యసించిన ఒక యువకుడు బ్యాంకును స్థాపించుటకు ఎట్లు పూనుకొనెను, ఆ పనిలో ఏ కష్టములు కలవు, ఆ సంస్థ తుదకేమయ్యెను అను విషయములు అంతగా ప్రచారములో లేవు. పై తరగతుల విద్యార్థులలో వాణిజ్యశాస్త్రమును చదువగోరువారు, బ్యాంకులలోను భీమా సంస్థలలోను ఉద్యోగములు చేయగోరువారు కొందఱుందురు గనుక వారికొఱకు ఈ జీవితమును ఆ దృష్టితో వ్రాయ సంకల్పించితిమి.

పట్టాభిగారు 1880వ సంవత్సరము నవంబరు 24వ తేదీన గుండుగొలను గ్రామమున జన్మించిరి. ఆ గ్రామము నేటి ఏలూరు జిల్లాలో ఉన్నది. కుటుంబము సామాన్యమైనది. చదువు ఒక్కటే ముందునకు పోవు మార్గమని గ్రహించిన బాలుడాయన. ఉన్నత విద్యకై చెన్నపట్టణమునకు వచ్చి క్రైస్తవ కళాశాలలో పట్టభద్రులైరి. ఆ కళాశాల నేడు తాంబరమున ఉన్నది గాని, ఆ కాలమున హైకోర్టు కెదురుగా, పట్టణ మధ్యమున ఉండెను. తమిళనాట తెలుగు చదువుకొనుచున్న మన విద్యార్థులు ఆ వీధిలో నడచునపుడు ఈ విషయమును స్మరింతురు గాక. అటుపిమ్మట ఆయన వైద్యవిద్యను ముగించి, ఎం.బి.సి.ఎం. పట్టము పొంది, మచిలీపట్టణమున, అనగా బందరున, వైద్యులుగా స్థిరపడిరి.

బందరు చరిత్ర ప్రసిద్ధిగల రేవు. ఆంగ్లేయుల వర్తక సంఘము 1611లోనే అక్కడ తన వ్యాపారస్థానము నెలకొల్పెను. కలంకారి వస్త్రములు అచ్చటి నుండి సముద్రములు దాటిపోయెడివి. 1864లో వచ్చిన ఉప్పెన ఆ పట్టణమును అతలాకుతలము చేయగా, క్రమముగా రేవు వైభవము తగ్గినది. అయినను ఊరి ఉత్సాహము తగ్గలేదు. కృష్ణాపత్రిక వెలువడుచుండెను. కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, పట్టాభిగారు కలిసి 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పిరి. స్వదేశీ భావము అచ్చటి గాలిలోనే ఉండెను. స్వదేశీయనగా విదేశీవస్త్రమును మానుట మాత్రమే కాదనియు, మన ధనము మన చేతిలో ఉండి మన పనులకు ఉపయోగపడవలెననియు పట్టాభిగారు తలచిరి.

ఈ తలంపునకు కారణము వారి కన్నులయెదుటనే ఉండెను. ధవళేశ్వరము, బెజవాడ ఆనకట్టల మూలమున గోదావరి కృష్ణా డెల్టాలలో వరి విరివిగా పండుచుండెను. కాని పంట పండించు రైతు చేతిలో సమయమునకు రూకలు లేవు. దుక్కికి, విత్తనములకు, నాట్లకు జ్యేష్ఠాషాఢములలో ధనము కావలెను. పంట ఇంటికి వచ్చునది పుష్యమాఘములలో. నడుమ ఆరేడు నెలలు వడ్డీవ్యాపారియే దిక్కు. కోతలైన వెంటనే అప్పు తీర్చవలసి వచ్చుటచే అందఱును ఒక్కసారే ధాన్యము నమ్మెదరు. అందఱును అమ్మినపుడు ధర పడిపోవును. ధర పడినపుడు అప్పు పూర్తిగా తీరదు. మరుసటి యేడు మరల అప్పు. భూమి సారవంతమైనను రైతు రుణగ్రస్తుడగుటకు ఇది ముఖ్య కారణము. మఱియొక ప్రక్క, ఉద్యోగి, వకీలు, చిన్న వర్తకుడు కొంత మిగిల్చినను దానిని నమ్మి దాచుకొనుటకు తగిన చోటు అరుదు. ఒకరికి ధనము కావలెను. మఱియొకరికి ధనమును భద్రపఱచుకొను తావు కావలెను. ఈ యిరువురను కలుపునదియే బ్యాంకు.

పట్టాభిగారు తొలుత సహకార మార్గమును త్రొక్కిరి. 1915లో కృష్ణా జిల్లా సహకార కేంద్ర బ్యాంకు స్థాపనలో పాలుపంచుకొనిరి. మరుసటి సంవత్సరము, బాగుగా సాగుచున్న వైద్యవృత్తిని విడిచిపెట్టి, పూర్తిగా ప్రజాసేవకు అంకితులైరి. 1919లో జన్మభూమి అను ఆంగ్ల వారపత్రికను ప్రారంభించిరి. పిదప 1923వ సంవత్సరము నవంబరు 20వ తేదీన ఆంధ్రా బ్యాంకును రిజిస్టరు చేయించిరి. అదే నెల 28వ తేదీన బందరున వ్యాపారము మొదలయ్యెను. అధీకృత మూలధనము పది లక్షల రూపాయలు; చెల్లింపబడిన మూలధనము ఒక లక్ష రూపాయలు.

ఇచ్చట విద్యార్థులు ఈ రెండు మాటల భేదమును గ్రహింపవలెను. అధీకృత మూలధనమనగా సంస్థ వాటాల రూపమున గరిష్ఠముగా ఎంతవఱకు సేకరింపవచ్చునో ఆ మొత్తము. చెల్లింపబడిన మూలధనమనగా వాటాదారులు నిజముగా తెచ్చి చేతిలో పెట్టిన మొత్తము. పది లక్షలు కాగితముపైని ఆశ. లక్ష పెట్టెలోని రొక్కము. నష్టము వచ్చినచో మొదట తగ్గునది ఈ లక్షయే. అది తరిగిపోయిన తరువాత గాని డిపాజిటుదారులకు నష్టము తగులరాదు. కావున మూలధనము డిపాజిటుదారుని ముందు కట్టిన గోడవంటిది.

ఆ గోడ ఎంత అవసరమో చెన్నరాజధాని ప్రజలకు అనుభవమే. 1906లో చెన్నపట్టణమున ఆర్బత్‌నాట్ కంపెనీయను పేరుగొన్న ఆంగ్ల సంస్థ దివాలా తీసినది. జీవితకాలమంతయు కూడబెట్టిన సొమ్మును అందులో దాచుకొనిన కుటుంబములు రాత్రికి రాత్రి నిరాధారములయ్యెను. ఆ దెబ్బ నుండియే 1907లో ఇండియన్ బ్యాంకు పుట్టినది. పేరు గొప్పదైనంత మాత్రమున పెట్టె భద్రము కాదని ప్రజలు నేర్చుకొనిరి. 1923 నాటికి మన దేశమున రిజర్వు బ్యాంకు లేదు. అది 1935లో గాని ఏర్పడలేదు. ఆపద వచ్చినపుడు ఆదుకొను ప్రభుత్వ సంస్థ ఏదియు లేని కాలమున, ఒక జిల్లా పట్టణమున, రాజకీయములలో మునిగియున్న వైద్యుడొకడు బ్యాంకు తెఱచి మీ ధనమును మాకిండని అడుగుట సాహసమే. ఇచ్చినవారిదియు సాహసమే.

బ్యాంకు పని ఎంత సున్నితమైనదో ఒక లెక్క వలన తెలిసికొందము. ఒకరు నూఱు రూపాయలు దాచిరనుకొనుడు. వారికి సాలునకు నాలుగు రూపాయల వడ్డీ ఇయ్యవలెను. వారు ఎప్పుడు వచ్చి అడిగినను ఇచ్చుటకై ఇరువదియైదు రూపాయలు చేతిలో ఉంచుకొని, మిగిలిన డెబ్బదియైదు రూపాయలను నూటికి ఎనిమిది వంతున అప్పిచ్చిరనుకొనుడు. వచ్చు వడ్డీ ఆరు రూపాయలు. నాలుగు పోగా మిగులునది రెండు రూపాయలు. గుమాస్తాల జీతములు, ఇంటి అద్దె, కాగితములు, దీపములు అన్నియు ఈ రెండింటిలో నుండియే. ఇచ్చిన డెబ్బదియైదు రూపాయలలో ఒక్క రెండు రూపాయలు వసూలు గాకపోయినచో ఆ యేటి మిగులు సర్వమును హరించును. కావున బ్యాంకరునకు కావలసిన మొదటి విద్య అప్పిచ్చుట కాదు. ఎవరికి ఈయరాదో తెలిసికొనుట. స్నేహితునకు కాదనుట, బంధువునకు హామీ అడుగుట, పెద్దమనుష్యుని లెక్కలను గూడ తనిఖీ చేయుట ఈ వృత్తిలో తప్పవు. మొగమాటము కలవాడు మంచివాడు కావచ్చును గాని మంచి బ్యాంకరు కాజాలడు.

బ్యాంకుతో పట్టాభిగారు తృప్తి పడలేదు. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని, 1929లో భారత లక్ష్మీ బ్యాంకును, 1935లో హిందూస్తాన్ ఐడియల్ ఇన్సూరెన్సు కంపెనీని స్థాపించిరి. భీమా అనునది ఆ కాలమున మన పల్లెలకు క్రొత్త. తన మరణమునకు వెల కట్టుట అశుభమని జంకెడివారుండిరి. కాని దాని మూలసూత్రము మన ఊళ్లలో ఇల్లు కాలినవానికి తలయొక తాటాకు ఇచ్చుట వంటిదే. ఒకే ఈడువారు వేయిమంది చేరిరనియు, అనుభవమును బట్టి సంవత్సరమునకు వారిలో పదిమంది మరణింతురనియు అనుకొందము. మరణించిన ప్రతివాని కుటుంబమునకు వేయి రూపాయలు ఇయ్యవలెనన్న మొత్తము పదివేలు కావలెను. అనగా ఒక్కొక్కరు పది రూపాయలు, ఖర్చులకై మఱికొంత ఇచ్చిన చాలును. ఎవరు మరణింతురో ఎవరును చెప్పలేరు. ఎందఱు మరణింతురో గణితము సుమారుగా చెప్పగలదు. గణితమును నీరసమైన శాస్త్రమని తలచు విద్యార్థులు ఈ విషయమును ఆలోచింతురు గాక. విధవరాలి ఇంట పొయ్యి ఆరకుండ కాపాడినది ఆ గణితమే.

తెలుగునాట పుట్టిన సంస్థల వ్యవహారములలో తెలుగునకు చోటుండవలెనని పట్టాభిగారు పట్టుదల వహించిరి. ఇది భాషాభిమానము మాత్రమే కాదు. తాను వేలిముద్ర వేయు కాగితములో ఏమున్నదో రైతునకు తెలియవలెను గదా! తెలియని భాషలో వ్రాసిన పత్రము ఎంత న్యాయమైనదైనను మనిషికి భయమునే కలిగించును. పొరుగు భాషల నడుమ తెలుగు చదువుకొనుచున్న మనకు ఈ సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. రెండు మూడు భాషలలో లెక్క చెప్పగలవాడు నేటి బ్యాంకులలో ఎంతటి అక్కఱకు వచ్చునో మన విద్యార్థులు గ్రహింపవలెను.

ఈ సంస్థల యోగ్యతకు అసలైన పరీక్ష వ్యవస్థాపకుడు లేని దినములలో జరిగెను. 1930లో ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని పట్టాభిగారు కారాగారమునకు పోయిరి. అదే కాలమున ప్రపంచమంతటను ధరలు కూలి, ధాన్యము వెల పడిపోయి, డెల్టా రైతు అప్పు తీర్చలేని స్థితికి వచ్చెను. 1938లో ట్రావన్కోరు నేషనల్ అండ్ క్విలాన్ బ్యాంకు మూతపడగా దక్షిణదేశమందంతటను డిపాజిటుదారులు కలవరపడిరి. 1942 ఆగస్టులో పట్టాభిగారిని నెహ్రూ, పటేలు, ఆజాదులతో బాటు నిర్బంధించి అహమ్మదునగరు కోటలో ఉంచిరి. సుమారు మూడేండ్లు ఆయన బయటికి రాలేదు. ఆంధ్రా బ్యాంకు తలుపులు మాత్రము మూయబడలేదు. ఒక్క మనిషి మాటపై నడచు సంస్థయైనచో అది ఆయనతోనే జైలుకు పోవలసియుండెను. నియమములు, లెక్కలు, తనిఖీలు, బాధ్యత నెఱిగిన ఉద్యోగులు ఉండుటచే అది నిలిచెను. తాను లేకున్నను నడచునట్లు ఏర్పాటు చేయుటయే స్థాపకుని ప్రజ్ఞయని మేము తలంచుచున్నాము.

రాజకీయరంగమున వారి జీవితము సుప్రసిద్ధము గనుక సంగ్రహముగా చెప్పెదము. 1935లో వారు రచించిన కాంగ్రెసు చరిత్ర బాబూ రాజేంద్రప్రసాదుగారి పీఠికతో వెలువడినది. 1939లో కాంగ్రెసు అధ్యక్షపదవికి పోటీచేసి సుభాష్ చంద్ర బోసుగారి చేతిలో ఓడిరి. బోసుగారికి 1580 ఓట్లు, వీరికి 1377 ఓట్లు వచ్చెను. 1948లో జయపూరు కాంగ్రెసుకు అధ్యక్షులైరి. రాజ్యాంగసభలో సభ్యులుగా ఉండిరి. ఆంధ్రరాష్ట్రము కావలెనని దీర్ఘకాలము వాదించిన ఆయనయే నెహ్రూ, పటేలులతో కూడిన సంఘమున సభ్యులై, భాషారాష్ట్రములను వాయిదా వేయవలెననియు, చెన్నపట్టణముపై హక్కు వదలుకొనిననే ఆంధ్రరాష్ట్రమును ఏర్పఱుపవచ్చుననియు 1949లో వెలువడిన నివేదికపై సంతకము చేసిరి. ఇందుకు ఆంధ్రులు పలువురు నొచ్చుకొనిరి. మహనీయుల జీవితములను వ్రాయునపుడు ఇట్టి సంగతులను దాచుట తగదు. 1952 నుండి 1957 వఱకు వారు మధ్యప్రదేశ్ గవర్నరుగా పనిచేసి, 1959వ సంవత్సరము డిసెంబరు 17వ తేదీన హైదరాబాదున పరమపదించిరి.

వారు నాటిన సంస్థలు తరువాత ఏమయ్యెను? జీవితభీమా వ్యాపారము 1956లో ప్రభుత్వ పరమై జీవితభీమా సంస్థలో కలిసెను. భారత లక్ష్మీ బ్యాంకు 1964లో ఆంధ్రా బ్యాంకున లీనమయ్యెను. 1980 ఏప్రిలు 15వ తేదీన ఆంధ్రా బ్యాంకు జాతీయము చేయబడెను. 2020 ఏప్రిలు 1వ తేదీన అది, ఉడుపిలో 1906లో పుట్టిన కార్పొరేషన్ బ్యాంకుతో గూడ, యూనియన్ బ్యాంకులో విలీనమయ్యెను. దాదాపు తొంబదియేడేండ్లు బోర్డులపై నిలిచిన పేరు ఆ దినమున తొలగెను. పలువురు తెలుగువారికి అది ఇంటి పెద్ద పోయినట్లు తోచెను. కాని డిపాజిటుదారునకు ఒక్క కాసు గూడ తరుగలేదు. ఖాతాలు, బాధ్యతలు చెక్కుచెదరక క్రొత్త పేరున సాగుచున్నవి. బ్యాంకు ఇచ్చిన వాగ్దానము పేరును నిలుపుకొందునని కాదు, సొమ్మును ఒప్పగింతునని. ఆ వాగ్దానము చెల్లినది.

నేడు బ్యాంకు స్థాపింపవలెనన్న రిజర్వు బ్యాంకు అనుమతియు, వందల కోట్ల మూలధనమును కావలెను. లక్ష రూపాయలతో తెఱచు కాలము గడచినది. డిపాజిటులకు భీమా 1962లో వచ్చి, 2020లో ఐదు లక్షల పరిమితికి పెరిగినది. అయినను ఈ రంగమున ప్రవేశించు యువకునకు, యువతికి మార్గములు పెక్కులున్నవి. పోటీపరీక్షల మూలమున బ్యాంకు ఉద్యోగము, భీమా ప్రతినిధిత్వము, లెక్కల తనిఖీవృత్తి, గ్రామ సహకార సంఘములు, స్వయంసహాయక బృందముల పొదుపు లెక్కలు - ఇవన్నియు ద్వారములే. అధిక వడ్డీ ఆశచూపి ధనము సేకరించి మాయమగువారు గూడ ఈ రంగముననే ఉన్నారు. ఇరువురును మొదట చేయు పని ఒక్కటే: నమ్ముమని అడుగుట. భేదము తరువాత వ్రాయు లెక్కలో తెలియును.

విద్యార్థులారా! మీ తరగతి పొదుపు నిధికి గాని, విహారయాత్ర చందాకు గాని లెక్క వ్రాయు పని మీకప్పగించినచో దానిని చిన్నపనిగా ఎంచకుడు. ప్రతి పైసను అందిన దినముననే వ్రాయుడు. అడిగినవారికి చూపుడు. మీరు రాని దినమున మఱియొకరు తెఱచి చదివినను తెలియునట్లుంచుడు. బందరున 1923లో మొదలైన పని పెద్ద యెత్తున ఇదియే.