రహీం సాబ్ కట్టిన జట్టు

తిరుత్తణి: క్లబ్బు ఆయనది కాదు. ఆటగాళ్లకు జీతాలిచ్చేది ఆయన కాదు. పేరున్న కుర్రాళ్లను కలకత్తా క్లబ్బులు ఎగరేసుకుపోతే ఆపే అధికారమూ ఆయనకు లేదు. అయినా పదమూడేళ్ల పాటు పాతబడిన జట్టును విప్పి కొత్తది కడుతూనే పోయారు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్‌వాళ్లకు రహీం సాబ్. మన దేశం ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో గెలిచిన రెండు బంగారు పతకాలూ, 1951, 1962, ఆయన శిక్షణలో వచ్చినవే.

రహీం 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదివి బీఏ పట్టా పుచ్చుకుని బడిపంతులయ్యారు. కాచిగూడ మిడిల్ స్కూల్, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూల్.. ఇలా పలు బళ్లలో పనిచేశారు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి పిల్లల ఆటల బాధ్యత తీసుకున్నారు. తనూ మంచి ఆటగాడే. కానీ ఆయన్ను గుర్తుపెట్టుకున్నది ఆటగాడిగా కాదు. మైదానం గట్టున నిలబడే మాస్టారుగానే. పాఠం చెప్పే అలవాటు చివరిదాకా పోలేదు. మ్యాచ్‌కు ముందు ఆయన నాలుగు మాటలు చెబితే కుర్రాళ్ల ఒళ్లు పులకరించేదని ఆయన దగ్గర ఆడినవాళ్లు చెప్పుకునేవారు.

1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆయన చేతికొచ్చింది. ఇది మామూలు క్లబ్బు కాదు మరి. యజమాని సాక్షాత్తు పోలీసు శాఖే. ఆటగాళ్లంతా ఆ శాఖ ఉద్యోగులు. పొద్దున పరేడ్, తర్వాత బంతి. ఉద్యోగ భద్రత ఉందన్న మాటేగానీ కలకత్తా క్లబ్బుల డబ్బు ముందు అది ఏపాటి? అయినా ఆ ఏడాదే డ్యూరాండ్ కప్ కొట్టారు. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌నైతే 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు తెచ్చారు. కలకత్తావాళ్లు తప్ప ఫుట్‌బాల్ ఎవరికీ రాదనుకునే రోజుల్లో ఇది చిన్న సంగతి కాదు.

అసలు దెబ్బ 1952లో తగిలింది. హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 ఓటమి. మనవాళ్లలో చాలామంది ఉత్త కాళ్లతో ఆడారు. చలి, తడి నేల, ఎదుట బూట్లు వేసుకున్న ఆజానుబాహువులు. ఇంకొకరైతే ఖర్మ అని సరిపెట్టుకునేవారు. రహీం అలా ఊరుకోలేదు. ఇద్దరు బ్యాకులతో ఆడే పాత పద్ధతికి కాలం చెల్లిందని తేల్చుకున్నారు. రక్షణలో మూడో మనిషిని దింపారు. బూట్లు తప్పనిసరి అయ్యాయి. పేరు చూసి కాక పరుగు చూసి మనుషుల్ని ఎంచుకునే పని మొదలైంది. నాలుగేళ్ల తర్వాత మెల్‌బోర్న్ వెళ్లిన జట్టులో హెల్సింకి నాటివాళ్లు అజీజుద్దీన్, నూర్ మహమ్మద్ లాంటి కొద్దిమందే. పక్కన పీకే బెనర్జీ, తులసీదాస్ బలరామ్ లాంటి ఇరవయ్యేళ్ల కుర్రాళ్లు. ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ చేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీస్‌కు చేరిన తొలి ఆసియా జట్టు మనదే. నాలుగో స్థానంతో తిరిగొచ్చారు.

కుర్రాళ్లు ఎక్కడినుంచి వచ్చేవారు? ఇక్కడే రహీం సాబ్ పంతులుతనం కనిపిస్తుంది. హైదరాబాద్‌లో పిల్లలకు వింత వింత పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో బలహీనమైన కాలితోనే బంతి తన్నాలి. కుడికాలివాటం వాడు ఎడమ కాలు వాడాల్సిందే. ఇంకో పోటీలో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి అందగానే పక్కవాడికి ఇచ్చేయాలి. పొట్టివాళ్ల కోసం విడిగా పోటీలు ఉండేవి. పెద్ద జట్టులో ఒకడు వెళ్లిపోతే ఆ చోటుకు తగినవాడు గల్లీలో అప్పటికే తయారవుతుండేవాడు. వ్యాసర్‌పాడి వీధుల్లో సాయంత్రం పూట పిల్లల ఆట చూసినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది.

బలరామ్ సంగతే చూడండి. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడ కుర్రాడు. పేదరికం. శిక్షణకు హైదరాబాద్ దాకా రావడానికి చేతిలో డబ్బుల్లేవు. అద్దె సైకిల్‌కు డబ్బులు రహీం సాబే ఇచ్చి రప్పించుకున్నారు. ఆ కుర్రాడు హైదరాబాద్ తరఫున సంతోష్ ట్రోఫీ ఆడి మెరిశాడు. 1957లో ఈస్ట్ బెంగాల్ పిలిస్తే కలకత్తా వెళ్లిపోయాడు. అంతకుముందూ ఆ తర్వాతా హైదరాబాద్ నుంచి అలా వెళ్లినవాళ్లు చాలామందే. తయారుచేసేది ఒకరు, తీసుకుపోయేది ఇంకొకరు. మరి రహీం కుంగిపోయారా? ఆ సీజన్ డ్యూరాండ్ ఫైనల్లో సిటీ పోలీస్ ఆ ఈస్ట్ బెంగాల్‌నే 2-1తో ఓడించింది. అంతకుముందు ఏడాది ఫైనల్లో ఓడించింది కూడా ఈస్ట్ బెంగాలే కాబట్టి బాకీ తీరినట్టే.

సరిహద్దులో బతికే మనకు ఇంకో సంగతి ఆసక్తిగా ఉంటుంది. 1956 నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రం పటం మీద లేకుండా పోయింది. కానీ 1956-57, 1957-58 సంతోష్ ట్రోఫీలు గెలిచింది హైదరాబాద్ పేరుతోనే. తర్వాత పోలీసు జట్టు పేరూ ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయింది. 1960 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి మారిన తిరుత్తణివాళ్లకు బోర్డు మారినా మనుషులు మారరన్న సంగతి కొత్తగా చెప్పాలా? కొత్త పేరుతోనూ ఆ పోలీసులు 1961లో మోహన్ బగాన్‌ను 1-0తో ఓడించి డ్యూరాండ్ తెచ్చారు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో మనవాళ్లు ఫ్రాన్స్‌తో 1-1 డ్రా చేసుకున్నారు. హంగరీకి 2-1తో మాత్రమే తలవంచారు. రహీం కుమారుడు హకీం కూడా ఆ బృందంలో ఉన్నారు. భారత ఫుట్‌బాల్ జట్టు మళ్లీ ఒలింపిక్స్ ఆడలేదు.

ఇక జకార్తా. 1962లో మన తిరుత్తణి బిడ్డ సర్వేపల్లి రాధాకృష్ణన్ మే నెలలో రాష్ట్రపతి అయ్యారు. ఆగస్టులో జట్టు జకార్తా బయల్దేరింది. అప్పటికే రహీం ఒంట్లో బాగాలేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడారు. తర్వాత థాయ్‌లాండ్ మీద 4-1, జపాన్ మీద 2-0 గెలిచినా దెబ్బలు తప్పలేదు. డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. గోల్‌కీపర్ తంగరాజ్‌కు జ్వరం. పీటర్ తంగరాజ్ అంటే తమిళ పేరేగానీ పుట్టింది హైదరాబాద్‌లో, పేరు తెచ్చుకుంది మద్రాసు రెజిమెంట్ సెంటర్ జట్టులో. ఇటు అటు ఇద్దరూ మనవాడే అనుకోవచ్చు.

రహీం ఏం చేశారంటే.. కుట్లు పడ్డ జర్నైల్‌ను రక్షణ నుంచి తీసి ముందు వరసలో సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారు. తెగింపో, లెక్కో. సెమీస్‌లో దక్షిణ వియత్నాంపై 3-2తో గెలిచారు. అందులో ఒక గోల్ జర్నైల్‌దే. ఫైనల్‌కు పొడగరి తంగరాజ్‌ను మళ్లీ గోల్ ముందుకు తెచ్చారు. కొరియన్లు పైనుంచి బంతులేస్తారని ముందే ఊహించారు.

సెప్టెంబరు 4. స్టేడియంలో లక్షమంది దాకా జనం. అందరూ మనకు వ్యతిరేకమే. ఇజ్రాయెల్, తైవాన్‌లను క్రీడలకు రానివ్వకపోవడంపై భారత ప్రతినిధి సోంధి గొడవ చేయడంతో ఇండోనేసియావాళ్లు మండిపడుతున్నారు. ఆ కేకల మధ్యే 17వ నిమిషంలో పీకే, 20వ నిమిషంలో జర్నైల్ గోల్ కొట్టారు. కొరియా చివర్లో ఒకటి తిరిగిచ్చింది. 2-1. బంగారం. చునీ గోస్వామి కెప్టెన్. ఆ పదకొండుమందిలో బలరామ్ ఉన్నాడు, ఆంధ్ర పోలీసుల కుర్రాడు యూసుఫ్ ఖాన్ ఉన్నాడు.

తొమ్మిది నెలలు గడవకముందే మంచం పట్టారు. 1963 జూన్ 11న కన్నుమూశారు. వయసు 53. పద్మ పురస్కారం లేదు. ఆయన కథతో వచ్చిన హిందీ సినిమా మైదాన్ విడుదలకు 2024 దాకా ఆగాల్సి వచ్చింది. హకీం 2021లో, బలరామ్ 2023లో పోయారు. ఇద్దరూ ఆ సినిమా చూడలేదు.

ఆయన పోయాక ఆసియా క్రీడల్లో మళ్లీ పతకం తెచ్చింది 1970 జట్టు. బ్యాంకాక్‌లో కాంస్యం. కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్. అతనిదీ హైదరాబాదే.