తప్పెవరిదని అడగని డాక్టర్

మా కాలేజీకి వెళ్లే దారిలో ఒక కల్వర్టు ఉండేది. రోడ్డు దిగుడుగా వచ్చి కుడివైపు తిరిగే చోట. దాని పిట్టగోడ సరిగ్గా తారు అంచుకి ఆనుకుని ఉండేది. రంగు లేదు, రిఫ్లెక్టర్ లేదు, ముందు ఒక బోర్డూ లేదు. నేను థర్డ్ ఇయర్‌లో ఉండగా మా జూనియర్ ఒకడు రాత్రిపూట బైక్ మీద వస్తూ ఆ గోడని గుద్దుకుని చనిపోయాడు. హాస్టల్లో వారం రోజులు మేం మాట్లాడుకున్నది ఒకటే. స్పీడుగా వెళ్లాడు, హెల్మెట్ పెట్టుకోలేదు. సంతాప సభలో పెద్దలు చెప్పిందీ అదే. ఆ తర్వాత సెమిస్టర్ పరీక్షలొచ్చాయి.

ఏడాది తిరక్కుండానే అదే గోడకి ఇంకో బైక్ తగిలింది. ఈసారి పక్క ఊరి నుంచి పాలు తెచ్చే పెద్దాయన. హెల్మెట్ ఉంది కాబట్టి ప్రాణం దక్కింది, కాలు పోయింది. తెల్లవారుజామున మంచులో గోడ కనపడలేదట. నిజానికి ఆ గోడ మాకూ కనపడలేదు. నాలుగేళ్లు రోజూ దాని పక్క నుంచే వెళ్లాం, అదీ ఇంజినీరింగ్ చదువుతూ.

ఉద్యోగంలో చేరిన చాన్నాళ్లకి, ఒక డేటా ప్రాజెక్టు కోసం చదువుతుంటే ఒక పేరు ఎదురైంది. విలియం హాడన్. అమెరికా డాక్టర్. రోడ్డు భద్రత మీద పనిచేసేవాళ్లలో ఆయన పేరు తెలియనివాళ్లు అరుదు. మీది సివిల్ అయినా, కంప్యూటర్స్ అయినా, ఏ రంగంలో ఉద్యోగం వెతుక్కుంటున్నా ఆయన కథ ఒకసారి తెలుసుకోండి. ఎందుకో చివర్లో మీకే అర్థమవుతుంది.

రోగాల లెక్కలు తెలిసినవాడు

హాడన్ 1926లో పుట్టారు. ఎంఐటీలో డిగ్రీ, హార్వర్డ్‌లో మెడిసిన్, ఆపైన అక్కడే ప్రజారోగ్యంలో పీజీ. ఇంత చదివాక ప్రాక్టీసు పెట్టుకుంటే డబ్బుకి లోటుండదు. ఆయన మాత్రం న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్య శాఖలో చేరారు. ఎపిడెమియాలజీ ఆయన పని. అంటే ఒక జబ్బు ఎవరికి వస్తోంది, ఎక్కడ వస్తోంది, ఎందుకు వస్తోంది అని లెక్కలతో తేల్చడం.

ఆ రోజుల్లో అమెరికాలో రోడ్డు భద్రత అంటే డ్రైవర్లకి నీతులు చెప్పడమే. జాగ్రత్తగా నడపండి అని పోస్టర్లు, రేడియోలో హెచ్చరికలు. ప్రమాదం జరిగితే నిర్లక్ష్యం అని రాసి ఫైలు మూసేయడం. హాడన్‌కి ఇది వింతగా తోచింది. ఊళ్లో కలరా వస్తే డాక్టరు జనాన్ని తిట్టి ఊరుకోడు కదా! బావి దగ్గరికి వెళ్లి నీళ్లు చూస్తాడు. మరి రోడ్డు మీద వేలమంది పోతుంటే రోడ్డునీ, బండినీ ఎవరూ ఎందుకు చూడరు?

ఆ చోటికే, ఆ వేళకే వెళ్లి

ముందు ఆయన లెక్కలు సరిచేశారు. 1961లో వచ్చిన ఒక అధ్యయనం చూడండి. మన్‌హట్టన్‌లో వాహనాలు ఢీకొని చనిపోయిన 50 మంది పాదచారుల వివరాలు హాడన్ బృందం తీసుకుంది. అక్కడితో ఆగితే అది వార్త అవుతుంది, సైన్స్ కాదు. చనిపోయినవాళ్లలో ఇంతమంది తాగి ఉన్నారు అని చెబితే ఏం తెలుస్తుంది? ఆ వేళప్పుడు ఆ వీధిలో క్షేమంగా నడిచి వెళ్లినవాళ్లలో ఎంతమంది తాగి ఉంటారో తెలియనిదే ఆ సంఖ్యకి అర్థం లేదు.

అందుకే బృందం ప్రతి ప్రమాదం జరిగిన చోటికీ మళ్లీ వెళ్లింది. వారంలో అదే రోజు, అదే వేళకి. చనిపోయింది మగవాళ్లయితే మగవాళ్లని, ఆడవాళ్లయితే ఆడవాళ్లని, అటుగా నడిచి వెళ్తున్న నలుగురిని ఆపి వివరాలు అడిగింది, శ్వాస పరీక్ష చేసింది. అలా 50 మందికి 200 మందిని పోల్చి చూశాక రెండు గుంపులు తేలాయి. ఒకరు వృద్ధులు. ఇంకొకరు బాగా తాగి ఉన్నవాళ్లు. రెండు వేర్వేరు సమస్యలు, రెండింటికీ వేర్వేరు మందులు. అందరికీ కలిపి జాగ్రత్త అని అరిస్తే ఏ గుంపుకీ పనికిరాదు.

అర్ధరాత్రి మన్‌హట్టన్ వీధుల్లో అపరిచితులని ఆపి గొట్టంలో ఊదమనడం ఎంత కష్టమో ఊహించుకోండి. డేటా సైన్స్ నేర్చుకుంటున్న మీలో చాలామంది మోడల్ గురించే ఆలోచిస్తారు. పోల్చడానికి సరైన డేటా తెచ్చుకోవడం దగ్గరే సగం పని ఉంటుందని నేను ఆలస్యంగా తెలుసుకున్నాను.

తొమ్మిది గళ్ల కాగితం

హాడన్ ఆలోచన మొత్తానికి మూలం ఒక్క మాట: గాయం చేసేది శక్తి. గిబ్సన్ అనే సైకాలజిస్టు అంతకుముందే చెప్పిన విషయాన్ని ఆయన చివరిదాకా తీసుకెళ్లారు. మలేరియా క్రిమిని దోమ మోసుకొచ్చినట్టే, గతిశక్తిని బండి మోసుకొస్తుంది. వేగం రెట్టింపయితే ఆ శక్తి నాలుగింతలవుతుంది. ఇంటర్‌లో మనం చదివిన సూత్రమే. ఆ శక్తి మనిషి శరీరం తట్టుకోలేనంతగా దిగితే ప్రాణం పోతుంది. అంటే మనిషి తప్పు చేయకుండా ఆపడం ఒక దారి మాత్రమే. తప్పు చేసినా ఆ శక్తి ఒంట్లో దిగకుండా ఆపే దారులు చాలా ఉన్నాయి. 1970లో రాసిన ఒక చిన్న వ్యాసంలో ఆయన ఈ దారులని పదిగా లెక్కపెట్టారు. దానికి పెట్టిన పేరులో బోనులోంచి తప్పించుకునే పులులు ఉంటాయి. పులిని పుట్టనివ్వకపోవడం నుంచి, అది మీద పడ్డాక గాయానికి చికిత్స చేయడం దాకా ఎక్కడైనా అడ్డుకోవచ్చన్నమాట.

ఆయన్ని ప్రపంచానికి గుర్తుండేలా చేసింది మాత్రం ఒక పట్టిక. దాన్ని హాడన్ మ్యాట్రిక్స్ అంటారు. అడ్డంగా మనిషి, బండి, పరిసరం. నిలువుగా ప్రమాదానికి ముందు, జరిగే క్షణం, జరిగాక. మొత్తం తొమ్మిది గళ్లు.

మా కల్వర్టుని ఈ పట్టికలో పెట్టి చూశాను. మనిషి వరసలో వేగం, హెల్మెట్, పడిపోయినవాడికి రక్తం ఆపడం తెలిసినవాళ్లు దగ్గర్లో ఉన్నారా అన్నది. బండి వరసలో హెడ్‌లైటు, బ్రేకులు, గుద్దుకున్నాక పెట్రోలు కారిందా అన్నది. ఇక పరిసరం. ప్రమాదానికి ముందు, మలుపు ఉందని చెప్పే బోర్డు, రాత్రి మెరిసే రిఫ్లెక్టర్లు. జరిగే క్షణంలో, గోడ రోడ్డుకి ఎంత దూరంలో ఉంది, దాని ముందు క్రాష్ బ్యారియర్ ఉందా అన్నది. జరిగాక, అంబులెన్స్ ఎంతసేపటికి వచ్చింది, ఆస్పత్రి ఎంత దూరం అన్నది. తొమ్మిది గళ్లలో మేం హాస్టల్లో కూర్చుని నింపింది రెండు. స్పీడు, హెల్మెట్. మిగతా ఏడూ ఖాళీ. ఆ రెండూ నిజమే, కానీ వాటితోనే సరిపెట్టుకున్నాం కాబట్టి గోడ అక్కడే ఉండిపోయింది.

నలభై ఏళ్లకే పెద్ద కుర్చీ

1960ల మధ్యకి అమెరికాలో రోడ్ల మీద ఏటా 50 వేల మంది దాకా చనిపోతున్నారు. కార్ల కంపెనీల మీద రాల్ఫ్ నాడర్ రాసిన పుస్తకం దేశాన్ని కుదిపేసింది. 1966 సెప్టెంబరులో అధ్యక్షుడు జాన్సన్ వాహనాల భద్రతకి ఒకటి, రహదారుల భద్రతకి ఒకటి, రెండు చట్టాల మీద సంతకం చేశారు. వాటిని అమలు చేసే కొత్త సంస్థకి అధిపతిగా హాడన్‌ని పెట్టారు. అప్పటికి ఆయన వయసు 40.

నెలల వ్యవధిలోనే కార్లకి మొదటి ప్రమాణాలు వచ్చాయి. గుద్దుకున్నప్పుడు స్టీరింగ్ రాడ్ డ్రైవర్ ఛాతీలో దిగకుండా తనే ముడుచుకోవాలి. సీటు బెల్టులు ఉండాలి. కంపెనీలు గోల చేశాయి, అయినా ఆగలేదు. 1967 జూన్‌లో రాష్ట్రాల కోసం 13 రహదారి భద్రతా ప్రమాణాలు వెలువడ్డాయి. ప్రమాదాలు పదే పదే జరిగే చోట్లని గుర్తించి గమనిస్తూ ఉండాలన్నది అందులో ఒకటి. మన పేపర్లలో బ్లాక్ స్పాట్ అని చదువుతుంటామే, దాని వెనక ఉన్న ఆలోచన ఇదే.

ఒక మైలు వెనక్కి

1969లో ప్రభుత్వం మారాక హాడన్ బయటికొచ్చి, బీమా కంపెనీల డబ్బుతో నడిచే రహదారి భద్రతా సంస్థకి అధ్యక్షుడయ్యారు. చనిపోయేదాకా అక్కడే పనిచేశారు. ఆ సంస్థ పరిశోధకుడు లియాన్ రాబర్ట్‌సన్, పాల్ రైట్‌తో కలిసి 1976లో ప్రచురించిన అధ్యయనం రోడ్డు ఇంజినీర్లు తప్పక తెలుసుకోవాల్సింది. జార్జియా రాష్ట్రంలో బండి రోడ్డు దిగి చెట్టునో, స్తంభాన్నో, గోడనో గుద్దుకుని ప్రాణాలు పోయిన 300 ఘటనలు తీసుకున్నారు. ప్రతి చోటునీ, ఆ బండి వచ్చిన దారిలోనే ఒక మైలు వెనక ఉన్న చోటుతో పోల్చారు. అదే డ్రైవరు, అదే బండి, అదే రాత్రి. ఒక మైలు ముందు క్షేమంగా దాటాడు, ఇక్కడ పోయాడు. తేడా ఎక్కడుంది?

తేడా రోడ్డులో ఉంది. ప్రాణాలు పోయిన చోట్లలో పదునైన మలుపులు, దిగుళ్లు ఎక్కువ. అంటే చేతిలో డబ్బు తక్కువున్నప్పుడు ముందు ఏ చోట్లు బాగుచేయాలో లెక్కగట్టి చెప్పొచ్చు. దిగుడు, మలుపు, పక్కనే గోడ. ఇది చదివినప్పుడు నాకు ఏ చోటు గుర్తొచ్చిందో చెప్పక్కర్లేదు.

ఆయన లెక్కా తప్పింది

హాడన్ని దేవుణ్ని చేయక్కర్లేదు. మనుషుల అలవాట్లు మారవన్న నమ్మకం ఆయనలో బలంగా ఉండేది. సీటు బెల్టు ప్రకటనలు పనిచేస్తాయా అని ఆయన సంస్థ ఒక ఊళ్లో సగం ఇళ్ల టీవీల్లో నెలల తరబడి వేయించి చూసింది. చూసినవాళ్లకీ, చూడనివాళ్లకీ తేడా రాలేదు. అందుకే ఆయన తనంతట తానే తెరుచుకునే ఎయిర్‌బ్యాగ్ కోసం పట్టుబట్టారు. ఈలోగా ఆస్ట్రేలియాలోని విక్టోరియా 1970లోనే బెల్టుని తప్పనిసరి చేసి మరణాలు తగ్గించింది. అమెరికాలో అలాంటి చట్టం మొదట న్యూయార్క్‌లో, 1984లో గానీ రాలేదు. ప్రకటనలకి మారని అలవాటు చట్టానికి మారింది. ఆయన గీసిన పట్టికలోనే మనిషి గడికి ఆయన కాస్త తక్కువ మార్కులేశారు. 1985లో, 58 ఏళ్ల వయసులో హాడన్ కన్నుమూశారు.

మరి మీకేంటి?

2022లో మన దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. రోజుకి 460 మందికి పైనే. జాతీయ రహదారి మీద సుమారు 500 మీటర్ల పరిధిలో, మూడేళ్లలో ప్రాణాలు పోయిన లేదా తీవ్రంగా గాయపడిన ప్రమాదాలు 5 జరిగినా, 10 మంది చనిపోయినా దాన్ని బ్లాక్ స్పాట్ అంటారు. రోడ్డు డిజైన్‌లో ప్రమాణాలు పాటించక ప్రాణం పోతే కాంట్రాక్టరు, కన్సల్టెంటు, అధికారి జవాబుదారీ అయ్యేలా 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు. కాబట్టి ఇక్కడ పని ఉంది.

సివిల్ వాళ్లు ఐఆర్‌సీ ఎస్‌పీ 88 చదవండి. రోడ్డు సేఫ్టీ ఆడిట్ ఎలా చేయాలో చెప్పే మాన్యువల్ అది. ట్రాన్స్‌పోర్టేషన్ ఇంజినీరింగ్‌లో ఎంటెక్ వరంగల్ ఎన్‌ఐటీలోనే ఉంది. కంప్యూటర్స్ వాళ్లు ఐరాడ్ గురించి చూడండి. పోలీసులు ప్రమాద వివరాలని ఫోన్‌లోనే నమోదు చేసేలా ఐఐటీ మద్రాస్ రూపొందించిన వ్యవస్థ. ఆ డేటాని చదవగలిగేవాళ్లు కావాలి.

ఇవేవీ మీ దారి కాకపోయినా హాడన్ ప్రశ్న పనికొస్తుంది. మా టీమ్‌లో సర్వర్ పడిపోతే ఎవరు తప్పు కమాండ్ కొట్టారు అన్నదాంతో మీటింగ్ ముగించం. ఒక్క తప్పు కమాండ్‌కే మొత్తం పడిపోయేలా ఎందుకుంది అని అడుగుతాం. ఇంటర్వ్యూలో మీ ప్రాజెక్టు ఎందుకు ఫెయిలైంది అంటే టీమ్‌మేట్ మీదకి తోసేసేవాడికీ, ఖాళీ గళ్లు చూపించగలిగేవాడికీ తేడా ఎదుటివాళ్లకి నిమిషంలో తెలిసిపోతుంది.

ఈ ఆదివారం మీ ఊళ్లో అందరూ భయపడే మలుపు దగ్గరికి వెళ్లండి. రోడ్డుకి దూరంగా నిలబడి తొమ్మిది గళ్లు నింపండి. ఫొటోలు జతచేసి ఆర్‌అండ్‌బీ ఆఫీసులోనో, పంచాయతీలోనో ఇచ్చి రసీదు తీసుకోండి.

పోయినేడు మా కాలేజీ దారిన వెళ్లాను. కల్వర్టు గోడకి నలుపు, పసుపు చారలు వేశారు. మలుపు ముందు బాణం గుర్తు బోర్డులు వరసగా మెరుస్తున్నాయి. ఎవరు అడిగితే పెట్టారో తెలీదు. మేం మాత్రం అడగలేదు.