రొద చాటున మాట

మాది వ్యవసాయ కుటుంబం. చేలో ఆయిల్ ఇంజను నడుస్తుంటే పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. రొద అంటే మాటకు శత్రువనే అనుకునేవాణ్ణి. ఆ రొదనే మాటకు కాపలా పెట్టినవాళ్ళున్నారని కాలేజీకొచ్చాకే తెలిసింది. వాళ్ళలో ఒకరు ఆలన్ ట్యూరింగ్.

ఆయన 1912 జూన్ 23న లండనులో పుట్టాడు. తండ్రి ఐ.సి.ఎస్. అధికారి, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా ఛత్రపురంలో పనిచేసేవాడు. కొడుకు మాత్రం ఇంగ్లండులోనే పెరిగాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో జర్మన్ల ఎనిగ్మా సంకేతాలను ఛేదించిన వారిలో ఆయన ముఖ్యుడని అందరికీ తెలుసు. నేను చెప్పదలచింది దానికి ఎదురు పని: మన మాట శత్రువు చెవిన పడకుండా చూడటం.

వైర్‌లెస్‌లో పోయే మాటను ఎవరైనా పట్టుకోవచ్చు. 1943 మొదట్లో ట్యూరింగ్ న్యూయార్కులోని బెల్ లేబొరేటరీస్‌లో సిగ్‌సాలీ అనే యంత్రాన్ని పరిశీలించాడు. అందులో మాటను అంకెలుగా మార్చి, గ్రామఫోన్ రికార్డు మీదున్న రొదను కలిపి పంపేవారు. సరిగ్గా అలాంటి రికార్డే అవతలి వాళ్ళ దగ్గరా ఉండేది. వాళ్ళు రొద తీసేసి మాట వినేవారు. నడుమ వినేవాడికి మిగిలేది ఉత్త హోరు. ధాన్యం బస్తాలో రాళ్ళు వేసి తూచినట్టన్నమాట. రాళ్ళ బరువు తెలిసినవాడే గింజల బరువు చెప్పగలడు.

ఆ యంత్రం బరువు 50 టన్నుల పైమాటే. ట్యూరింగ్ హాన్‌స్లోప్ పార్కులో డొనాల్డ్ బేలీతో కలిసి, బల్ల మీద పట్టే డెలైలా యంత్రాన్ని తయారుచేశాడు. అది గొంతును సెకనుకు 4000 సార్లు కొలిచి, ప్రతి కొలతకూ ఒక గుట్టు విలువ కలిపేది. చర్చిల్ ఉపన్యాసం రికార్డుతో పరీక్షించి చూపారు. తీరా 1945లో అది సిద్ధమయ్యేసరికి యుద్ధం ముగిసింది. పడ్డ కష్టమంతా వాడకంలోకి రాకుండానే పోయింది.

ఇంతకంటే బాధాకరమైనది ఇంకొకటి. ఇతరుల మాటలకు చాటు కల్పించిన మనిషికి తన సొంత బతుకులో చాటు దొరకలేదు. మరో పురుషుడితో సంబంధం నేరమని 1952లో కోర్టు తీర్పు చెప్పింది. జైలు తప్పించుకోవటానికి హార్మోన్ చికిత్సకు ఒప్పుకోవలసి వచ్చింది. ప్రభుత్వ రహస్య పనుల నుంచీ తప్పించారు. 1954 జూన్ 7న, 41 ఏళ్ళకే, సైనైడు వల్ల చనిపోయాడు. ఆత్మహత్య అని విచారణలో తేల్చారు. రాణి క్షమాభిక్ష ప్రకటించింది 2013లో! ఎవరికోసం?

మిత్రులారా, హాస్టల్లో పక్కవాడి ఫోను తెరిచి, చదివి, నలుగురిలో నవ్వుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆయన జీవితం చదివాక ఆ పని మానేశాను. ఆ మిత్రుడికి క్షమాపణ కూడా చెప్పుకున్నాను.