33 పేజీల లేఖ: లియో కానర్ జీవితం

ఉక్కు కర్మాగారంలో పని కోసం ఉత్తరాంధ్ర నుంచి తరలివెళ్లి జంషెడ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. అక్కడైనా, మరెక్కడైనా, మూడేళ్లు నిండినా మాటలు రాని బిడ్డ గురించి పెద్దలు చెప్పే సమాధానం దాదాపు ఒకటే. తండ్రికీ మాటలు ఆలస్యంగానే వచ్చాయి, కంగారు పడవద్దంటారు. కొన్నాళ్లకు చెవుడేమోనన్న అనుమానం మొదలవుతుంది. చివరకు వైద్యుని వద్దకు, కొందరి విషయంలో సుమారు 130 కిలోమీటర్ల దూరాన రాంచీలోని కాంకే మానసిక చికిత్సా సంస్థ వరకు ప్రయాణం తప్పదు. అక్కడ తల్లిని కొన్ని ప్రశ్నలు అడుగుతారు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తాడా? మనం అన్న మాటనే మళ్లీ అంటాడా? ఇంట్లో వస్తువుల స్థానం మారితే తల్లడిల్లుతాడా? ఈ ప్రశ్నల వెనుక లియో కానర్ అనే వైద్యుని పరిశీలన ఉంది.

కానర్ 1894లో నాటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో, నేటి ఉక్రెయిన్‌లో ఉన్న ఒక చిన్న గ్రామంలో యూదు కుటుంబంలో జన్మించారు. యౌవనంలో కవి కావాలని ఆశపడ్డారు. అది నెరవేరలేదు. బెర్లిన్‌లో వైద్యం చదివి, మధ్యలో మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో పనిచేశారు. 1924లో అమెరికా వెళ్లి సౌత్ డకోటా రాష్ట్రంలోని ఒక మానసిక ఆసుపత్రిలో చేరారు. 1928లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ సంస్థకు మారి, రెండేళ్ల తరువాత అక్కడి పిల్లల ఆసుపత్రిలో శిశు మనోవైద్య విభాగాన్ని ప్రారంభించారు. 1935లో ఆయన రాసిన గ్రంథం ఆ శాస్త్రానికి ఆంగ్లంలో తొలి పాఠ్యపుస్తకంగా పేరొందింది.

ఆ కాలంలో మాట్లాడని పిల్లలకు వైద్యులు పెట్టే పేర్లు బహు కొద్ది. బుద్ధిమాంద్యం, చెవుడు, లేదా బాల్యంలోనే వచ్చిన స్కిజోఫ్రెనియా. పేరు పెట్టడంతోనే చాలామంది బతుకు నిర్ణయమైపోయేది. బిడ్డను ఆశ్రమానికి అప్పగించి మరచిపొమ్మని తల్లిదండ్రులకు సలహా ఇచ్చేవారు.

మిసిసిపీకి చెందిన డోనాల్డ్ అనే బాలుని కథ కూడా అలాగే ముగియవలసినది. మూడేళ్ల వయసులో అతణ్ణి ఒక సంస్థలో ఉంచారు. ఏడాది గడిచాక తల్లిదండ్రులు తిరిగి ఇంటికి తెచ్చుకున్నారు. న్యాయవాది అయిన తండ్రి బిడ్డ నడవడిని 33 పేజీల లేఖగా రాసి కానర్‌కు పంపారు. ఐదేళ్ల డోనాల్డ్‌ను 1938లో బాల్టిమోర్ తీసుకువచ్చారు. అపార జ్ఞాపకశక్తి గల ఆ బాలుడు మనుషులను పట్టించుకునేవాడు కాదు. గుండ్రని వస్తువులను గిర్రున తిప్పడంలో మునిగిపోయేవాడు. నేను అనవలసిన చోట నువ్వు అనేవాడు.

కానర్ తొందరపడి పేరు పెట్టలేదు. ఐదేళ్లు వేచి, అలాంటి మరికొందరిని గమనించి, 1943లో 11 మంది పిల్లల గురించి వ్యాసం ప్రచురించారు. ఎనిమిది మంది బాలురు, ముగ్గురు బాలికలు. ఆటిజం అన్న మాట ఆయన సృష్టి కాదు. స్కిజోఫ్రెనియా రోగుల గురించి స్విట్జర్లాండ్ వైద్యుడు బ్లాయిలర్ అంతకు ముందే వాడారు. కానర్ చూపిన భేదం వేరు. స్కిజోఫ్రెనియా రోగి లోకంలో ఉండి, క్రమంగా దాని నుంచి వైదొలగుతాడు. ఈ పిల్లలు మొదటి నుంచే ఏకాంతంలో ఉన్నారు. రోగ నిర్ధారణలో ఎంతో విలువైన ఈ భేదాన్ని ఆయనకు పట్టి ఇచ్చినవి ప్రధానంగా తల్లిదండ్రుల జ్ఞాపకాలే.

విచారకరమైన విషయమేమిటంటే, ఆ తల్లిదండ్రులనే ఆయన తరువాత దోషులుగా చూశారు. పుట్టుకతో వచ్చే లోపమని 1943లో రాసిన కానర్, 1949 నాటికి తల్లిదండ్రుల ముభావాన్ని ఎత్తిచూపారు. ప్రేమ లేని తల్లి వల్లే బిడ్డ ఇలా అయ్యాడన్న అపవాదు దేశదేశాలకు పాకింది. ఒక తరం తల్లులు దాన్ని మోశారు. దీన్ని చిన్న పొరపాటుగా తీసివేయలేము. అంతకు ముందు 1941లో తల్లుల పక్షాన పుస్తకం రాసినదీ, మందబుద్ధులైన పిల్లలకు కారుణ్య మరణం ప్రసాదించాలన్న వాదనను 1942లో ఖండించినదీ ఆయనే. హిట్లర్ పాలన నుంచి తప్పించుకువచ్చిన యూదు వైద్యులు అనేకమందికి అమెరికాలో ఆశ్రయం దొరకడానికి తోడ్పడినదీ ఆయనే.

1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అనే తండ్రి, తానూ మనస్తత్వ శాస్త్రవేత్తే, ఆటిజానికి మూలం మెదడులో ఉందని గ్రంథం రాయగా, కానర్ దానికి ముందుమాట సమకూర్చారు. 1969లో ఆటిజం పిల్లల తల్లిదండ్రుల జాతీయ సంఘం సమావేశంలో నిలబడి, వారు నిర్దోషులని బహిరంగంగా ప్రకటించారు.

1971లో వెలువడిన ఆటిజం, బాల్య స్కిజోఫ్రెనియాల పత్రికకు ఆయన తొలి సంపాదకుడు. ఆ రెండింటినీ కలిపి చెప్పిన ఆ పేరు 1979లో మారి, స్కిజోఫ్రెనియా స్థానంలో వికాస లోపాలు అన్న మాట చేరింది. మరుసటి ఏడాది అమెరికా మనోవైద్యుల వర్గీకరణలో ఆటిజానికి విడి స్థానం దక్కింది. 1981లో కానర్ మరణించారు.

ఆ పత్రిక తొలి సంవత్సరంలోనే తన 11 మంది పిల్లలు ఏమయ్యారో ఆయన వెతికి రాశారు. పెద్ద సంస్థలలో ఏళ్ల తరబడి ఉండిపోయిన వారు ఉన్న తెలివిని కూడా పోగొట్టుకున్నారు. డోనాల్డ్‌ను మాత్రం కొన్నేళ్లు ఒక రైతు దంపతుల వద్ద ఉంచారు. మొక్కజొన్న సాళ్లను లెక్కపెట్టే అతని అలవాటును ఆ రైతు మాన్పించలేదు, దున్నుతూనే లెక్కపెట్టమన్నాడు. డోనాల్డ్ కళాశాలలో చదివి, సొంత ఊరి బ్యాంకులో ఉద్యోగం చేసి, 2023లో 89 ఏళ్ల వయసులో కన్నుమూశారు.